సావిన్యీకి సర్వీసు రిజిస్టరు తెరవండి

మూడేళ్లపాటు క్లాసులో ఒక తప్పు చెప్పాను. "సావిగ్నీ 1842లో జర్మనీ న్యాయశాఖ మంత్రి అయ్యాడు" అని. పరీక్షల ముందు పిల్లలు కొనుక్కునే ఒక గైడులో ఉన్న వాక్యం అది. నేను చదువుకున్నదీ దాంట్లోనే, చెప్పిందీ దాంట్లోంచే. నాలుగో ఏడు మూడో బెంచీ అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. పిడుగురాళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చేది.

"మేడం, జర్మనీ ఒక దేశం అయింది 1871లో కదండీ. మరి 1842లో ఈయన ఏ జర్మనీకి మంత్రి?"

"రేపు చెప్తానమ్మా" అన్నాను. ఆ రేపు రావడానికి రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలల్లో నాకు అక్కరకొచ్చింది జ్యూరిస్‌ప్రుడెన్స్ (న్యాయ సిద్ధాంతం) పుస్తకాలు కావు, మా నాన్న. ఆయన పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. చుట్టుపక్కల టీచర్ల సర్వీసు రిజిస్టర్లన్నీ ఆయన చేతి మీదుగా నడిచేవి. ఫలానా మాస్టారు దేవుడనో దుర్మార్గుడనో ఎవరైనా మొదలుపెడితే "ముందు ఎస్సార్ తియ్యండి" అనేవారు. ఎస్సార్ అంటే ఆ సర్వీసు రిజిస్టరే. ఎప్పుడు చేరాడు, ఏ ఊరు, జీతమెంత, బదిలీ ఎందుకు, సెలవు ఎన్నాళ్లు, కింద సంతకం ఎవరిది. మనిషి ఆ గడుల్లోనే దొరుకుతాడని ఆయన నమ్మకం. నేను సావిన్యీకి ఒక ఎస్సార్ తెరిచాను. ఎల్‌ఎల్‌బీ పిల్లలకి, నెట్ రాసేవాళ్లకి, తెలుగు వికీపీడియాలో ఇలాంటివాళ్ల గురించి రాద్దామనుకునేవాళ్లకి ఆ పద్ధతే ఇక్కడ చెప్తున్నాను. సావిన్యీ ఎవరో బొత్తిగా తెలియనివాళ్లకి ఒక్క ముక్క: చట్టం ప్రభుత్వం కూర్చుని తయారుచేసేది కాదు, భాషలాగా ప్రజల్లోంచి పెరిగేది అని వాదించిన జర్మన్ పండితుడు. మన లా కాలేజీల్లో హిస్టారికల్ స్కూల్ అనే పాఠం ఆయన పేరుతోనే మొదలవుతుంది. అలాంటి మనిషి చివరికి చట్టాలు తయారుచేసే శాఖకే మంత్రిగా కూర్చున్నాడు. ఆ ముడి విప్పాలంటే సిద్ధాంతం చదివితే చాలదు, కొలువులు చదవాలి.

గడులు గీయడం

లాంగ్‌సైజు నోట్‌బుక్కు ఒకటి చాలు. ఎక్సెల్‌లో చేసుకున్నా ఫరవాలేదు గానీ, నాకు స్కేలు పెట్టి గీతలు గీస్తే తప్ప బుర్ర కదలదు. అయిదు గడులు గీయండి: ఏడాది, ఊరు, అప్పుడు ఆ ఊరు ఎవరి రాజ్యం, కొలువు పేరు, ఆ రోజుల్లో ఆయన బల్ల మీదున్న కాగితం. అయిదోది వెడల్పుగా ఉంచండి. ఆరోది, "ఎవరి వల్ల" అన్నది, నేను చాలా ఆలస్యంగా కలిపాను. మీరు మొదట్లోనే కలపండి.

తారీఖులు గైడుల్లోంచి తీసుకోవద్దు. జర్మన్‌వాళ్లు 1875 నుంచి 1912 దాకా కూర్చుని తమ పెద్దల జీవితాలను 56 సంపుటాల నిఘంటువుగా వేశారు. 1953 నుంచి దానికి కొత్త వరస మొదలుపెట్టారు. రెండూ ఇప్పుడు ఒకే చోట ఆన్‌లైన్లో ఉచితంగా ఉన్నాయి. జర్మన్ రాకపోయినా ఫోన్ అనువాదంతో తారీఖులు, ఊళ్లు, పదవులు పట్టుకోవచ్చు. పాతదాంట్లో పొగడ్త ఎక్కువ. తారీఖు తీసుకుని పొగడ్త అక్కడే వదిలెయ్యండి.

పేరు సంగతి. మనం సావిగ్నీ అంటాం. ఆ కుటుంబం లొరేన్ ప్రాంతం నుంచి వచ్చింది, పేరు ఫ్రెంచిది, మధ్యలో "గ" పలకదు. జర్మన్‌వాళ్ల నోట అది దాదాపు "జావిన్యీ". నేను మధ్యేమార్గంగా సావిన్యీ అని రాస్తున్నాను. వెతికేటప్పుడు ఇంకో చిక్కుంది. తండ్రి ఫ్రీడ్రిష్ కార్ల్, కొడుకు కార్ల్ ఫ్రీడ్రిష్. కొడుకు ప్రష్యా దౌత్యవేత్త. ప్రష్యా అంటే బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం. 1866 జూన్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ సభలో లేచి, జర్మన్ రాజ్యాలన్నీ కలిసి ఉన్న జర్మన్ సమాఖ్య ఇక లేనట్టేనని ప్రష్యా తరఫున చెప్పింది ఆయనే. అప్పటికి తండ్రి పోయి దాదాపు అయిదేళ్లు. ఇద్దరినీ కలిపేసిన నోట్సు నేను చూశాను, ఒకసారి దిద్దాను కూడా.

మొదటి పేజీ

1779 ఫిబ్రవరి 21, ఫ్రాంక్‌ఫర్ట్. "ఎవరి రాజ్యం" అన్న గడి దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. ఆ నగరానికి రాజు లేడు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం కింద స్వతంత్ర నగరం. ఆగితే మంచిదే, ఆ ఆగడం కోసమే ఈ గడి. జర్మనీ అనే మాట వాడకుండా ఈ పుస్తకం మొత్తం నింపాలని నియమం పెట్టుకోండి. నా తప్పుకి మందు అదే.

పదమూడేళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. పెంచింది తండ్రి స్నేహితుడు. ఆయన వెట్జ్‌లార్‌లో సామ్రాజ్యపు పెద్ద కోర్టులో పనిచేసే మనిషి. అంటే కుర్రాడు భోజనాల బల్ల దగ్గరే దావాలు వింటూ పెరిగాడు. 1795లో మార్‌బుర్గ్ విశ్వవిద్యాలయం, హెస్సె-కాసెల్ పాలకుడి రాజ్యం. 1800లో డాక్టరేటు, ఆ వెంటనే అక్కడే పాఠాలు. కొలువు పేరు ప్రివాట్‌డొట్సెంట్. ఇలాంటి పేర్లను మన పదవుల్లోకి మార్చకండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అని రాశారంటే జీతం వచ్చేదని అర్థం వస్తుంది. దీనికి ప్రభుత్వ జీతం లేదు. పాఠం చెప్పే హక్కు ఇస్తారు, వినడానికొచ్చిన పిల్లలు ఫీజు ఇస్తారు, అంతే. మామూలు ఇంటి కుర్రాడైతే అక్కడ ఆకలికి మాడేవాడు. సావిన్యీకి వారసత్వంగా వచ్చిన ఎస్టేటు ఉంది. జీతం కోసం ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. అది ఎర్ర సిరాతో రాసుకోండి. తర్వాత నలభై ఏళ్లలో ఆయన దేనికీ ఎందుకు తొందరపడలేదో సగం ఇక్కడే ఉంది.

అప్పట్లో ఆయన దగ్గర చదువుకున్న అన్నదమ్ములు ఇద్దరు తర్వాత లోకానికంతా తెలిశారు: యాకోబ్ గ్రిమ్, విల్హెల్మ్ గ్రిమ్. కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరులే. గురువు ఇంటి పుస్తకాల బీరువాలోనే యాకోబ్ పాత జర్మన్ కవిత్వాన్ని మొదటిసారి చూశాడు. 1804లో సావిన్యీ రాతప్రతులు వెతకడానికి పారిస్ బయల్దేరాడు. అక్కడికి చేరబోతుండగా బండి వెనక కట్టిన పెట్టె పోయింది, అందులో ఏళ్లుగా రాసుకున్న నోట్సంతా ఉంది. దొంగకి ఏం పనికొచ్చాయో పాపం! మళ్లీ మొదటినుంచి రాసుకోవడానికి సాయంగా యాకోబ్‌ని పిలిపించుకున్నాడు. 1805లో ఆ కుర్రాడు పారిస్‌లో గురువుకి గుమాస్తాగా కూర్చున్నాడు. ఇది పిట్టకథ కాదు, "బల్ల మీద కాగితం" గడిలో రాయాల్సిన సంగతి. లైబ్రరీ లైబ్రరీకి తిరిగి పాత కాగితం చూడనిదే మాట్లాడకపోవడం ఆయనకి అలవాటైంది అక్కడే.

పెళ్లి 1804లోనే అయింది. భార్య కునిగుండె బ్రెంటానో, కవి క్లెమెన్స్‌కి, రచయిత్రి బెట్టీనాకి తోబుట్టువు. ఆమె క్యాథలిక్, ఆయన ప్రొటెస్టెంట్. ఆరో గడిలో పేర్లు నిండడం ఇక్కడ మొదలవుతుంది.

ఒక్క పుస్తకాన్ని దగ్గరగా చూడండి

అన్నీ చదవలేం. రోమన్ చట్టం మీద ఆయన రాసినవి సంపుటాలకు సంపుటాలు. ఒక్కటి ఎంచుకుని దానికి వారం ఇవ్వండి. నేను 1803 నాటి పుస్తకం తీసుకున్నాను: "స్వాధీనం" అనే విషయం మీద. రాసేనాటికి ఆయనకి ఇరవై నాలుగేళ్లు.

ఆయన చెప్పింది మా ఊరి భాషలో ఇలా ఉంటుంది. కౌలుకి తీసుకున్న పొలంలో సుబ్బయ్య దుక్కి దున్నుతున్నాడనుకోండి. చేను చేతిలో ఉంది, కాళ్లు మట్టిలో ఉన్నాయి. కానీ "ఇది నాది" అని మనసులో లేదు, పొలం కామందుదని ఆయనకే తెలుసు. సావిన్యీ లెక్కన ఇది స్వాధీనం కాదు, చేతిలో ఉండడం మాత్రమే. వస్తువు చేతికి లొంగి ఉండాలి, దానికి తోడు సొంతదారుడిలా పట్టుకోవాలన్న బుద్ధి ఉండాలి. రెండూ కలిస్తేనే స్వాధీనం. కార్పస్, అనిమస్ అని మనం బట్టీ పట్టే రెండు ముక్కలూ ఇవే. తర్వాతి తరంలో యేరింగ్ అనే జర్మన్ న్యాయ పండితుడు దీన్ని గట్టిగా కొట్టిపారేశాడు, బుద్ధిని ఎక్కడ చూసి కొలుస్తావని.

మనకి ఇది ఎందుకు అంటారా? హక్కు ఎవరిదైనా సరే, స్వాధీనంలో ఉన్నవాణ్ని బలవంతంగా గెంటేస్తే ముందు అతన్ని మళ్లీ కూర్చోబెట్టి తర్వాత హక్కుల సంగతి తేలుస్తామన్నది రోమన్ల నాటి పద్ధతి. మన స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 1963లో 6వ సెక్షన్ చెప్పేదీ అదే తరహా: గెంటేసిన ఆరు నెలల్లో దావా వేస్తే, టైటిలు ఎవరిదన్న ప్రశ్న పక్కనపెట్టి స్వాధీనం ఇప్పిస్తారు. మేం మున్సిఫ్ కోర్టు అని పిలుచుకునే చోట ఇప్పటికీ ఈ దావాలు నడుస్తూనే ఉన్నాయి. ఈ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిందెవరో చూసి నేను కుర్చీలోంచి లేచాను: ఎర్స్కిన్ పెర్రీ, బొంబాయి సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి. లండన్‌లో 1848లో అచ్చయింది. సావిన్యీ పెద్ద గ్రంథం "నేటి రోమన్ చట్ట వ్యవస్థ" మొదటి సంపుటాన్ని ఇంగ్లీషు చేసింది విలియం హాలొవే, మద్రాసు హైకోర్టు జడ్జి. 1867లో మద్రాసులోనే హిగ్గిన్‌బోథమ్స్ వాళ్లు అచ్చేశారు. మన కోస్తా జిల్లాల అప్పీళ్లు వెళ్లిన కోర్టు అది. ఆ రెండు పుస్తకాల స్కాన్లూ ఉచితంగా దొరుకుతాయి. జర్మన్ రాదన్న సాకు ఇక చెల్లదు.

జర్మన్ మూలం కూడా ఒక పేజీ అయినా చూడాలనుకుంటే ఫ్రాక్టూర్ అనే పాత అచ్చు ఎదురవుతుంది. మొదటి రోజు తల తిరుగుతుంది. నాలుగు గుర్తులు చాలు. పదం మధ్యలో వచ్చే "ఎస్" అచ్చం "ఎఫ్" లాగా ఉంటుంది, అడ్డగీత ఒక పక్కకే. చిన్న "కె" చూస్తే "టి" అనిపిస్తుంది. పెద్ద "బి", "వి" కవలలు. పెద్ద "ఐ", "జె" లకి ఒకే బొమ్మ. స్వాధీనం అన్న జర్మన్ మాట బెజిట్స్‌ని నా ఫోన్ "బెఫిట్స్" అని చదివింది, దానికి అర్థం వెతుకుతూ ఒక సాయంత్రం గడిపాను. ఫోన్ ఇచ్చిన మాట నిఘంటువులో లేకపోతే మీ తెలివిని అనుమానించకండి, ముందు "ఎఫ్"ని "ఎస్" చేసి చూడండి.

బదిలీలు

1808, లాండ్స్‌హూట్. బవేరియా రాజు కొలువు. 1810, బెర్లిన్. ప్రష్యా. విల్హెల్మ్ ఫొన్ హుంబోల్ట్ అప్పుడే పెడుతున్న కొత్త విశ్వవిద్యాలయానికి రమ్మన్నాడు. నాలుగేళ్ల ముందే నెపోలియన్ ప్రష్యాను చితక్కొట్టాడు, సగం రాజ్యం పోయింది. పోయినదాన్ని చదువుతో తిరిగి సంపాదించాలన్న పట్టుదలతో పుట్టిన చోటది. తత్వవేత్త ఫిఖ్టే తర్వాత రెక్టరు, అంటే విశ్వవిద్యాలయానికి పెద్ద, అయ్యాడు. అక్కడ 32 ఏళ్లు పాఠం చెప్పాడు.

ఇప్పుడు 1814. ఈ వరస మీద మాత్రం తొందరపడకండి. నెపోలియన్ ఓడిపోయాడు. హైడెల్‌బెర్గ్‌లో తీబో అనే ప్రొఫెసర్ ఒక చిన్న పుస్తకం వేశాడు: జర్మన్ రాజ్యాలన్నిటికీ ఒకే పౌర చట్టం, ఒకే కోడ్ (చట్టమంతా ఒకే పుస్తకంగా) కావాలని. అదే ఏడాది సావిన్యీ జవాబు వేశాడు: మన కాలానికి ఆ పని చేసే శక్తి లేదని. గైడుల్లో ఇది "కోడ్‌ను వ్యతిరేకించాడు" అని ఒక లైనుగా ఉంటుంది. ఎస్సార్ తీసి చూడండి. ఆయన ఉన్నది ప్రష్యాలో. అక్కడ 1794 నుంచి లాండ్‌రెష్ట్ అనే కోడ్ ఉంది, పందొమ్మిది వేలకు పైగా సెక్షన్లు. రైన్ నది ఒడ్డున నెపోలియన్ వదిలివెళ్లిన కోడ్ నడుస్తోంది. మిగతా చోట్ల పాత రోమన్ చట్టం. కోడ్‌లు ఎలా ఉంటాయో కళ్లారా చూసిన మనిషి, వాటిని రాసిన పెద్దల పనితనం చూసి పెదవి విరుస్తున్నాడు. చట్టం చెయ్యడమే పాపమని కాదు ఆయన అన్నది. సరుకు సిద్ధం కాకుండా వంట మొదలెట్టకండి అన్నాడు. ఈ తేడా పట్టుకోకపోతే 1842 మీకు అర్థం కాదు.

ఇంకో మాట. పరీక్షలో "వోక్స్‌గైస్ట్ (ప్రజల ఆత్మ) సిద్ధాంతం, 1814" అని రాస్తారు. ఆ 1814 పుస్తకంలో వోక్స్‌గైస్ట్ అన్న మాటే లేదు. ప్రజల ఉమ్మడి ఎరుక అనే అర్థమొచ్చే మాటలున్నాయి. ఆ పేరు శిష్యుడు పుఖ్టా వాడుకలోంచి వచ్చింది. గురువు దాన్ని 1840లో తన పెద్ద గ్రంథంలోకి తీసుకున్నాడు. పేపర్లు దిద్దేవాళ్లు దీనికి మార్కులు వెయ్యరు. తెలిసి ఉండడం మంచిది.

తర్వాతి వరసలు గబగబా: 1815లో సొంత పత్రిక, తోటి పండితులు ఇద్దరితో. 1817లో రాజు సలహా మండలి స్టాట్స్‌రాట్‌లో సభ్యత్వం. 1819లో రైన్ జిల్లాల అప్పీళ్లు వినే కోర్టులో జడ్జి. అంటే తాను వేళాకోళం చేసిన ఫ్రెంచి కోడ్ కిందే తీర్పులు చెప్పాల్సిన కొలువు! 1826లో లాండ్‌రెష్ట్ సవరణ సంఘం. చూస్తున్నారుగా, పాఠం చెప్తూనే ఒక్కొక్క ప్రభుత్వ గది తలుపూ తట్టి లోపలికి వెళ్తున్నాడు. మంత్రి పదవి ఆకాశంలోంచి ఊడిపడలేదు.

ఆరో గడి ఇక్కడ పనికొస్తుంది. 1814 ప్రాంతంలో ప్రష్యా యువరాజుకి చట్టం చెప్పిన గురువు సావిన్యీ. ఆ యువరాజు 1840లో ఫ్రీడ్రిష్ విల్హెల్మ్ IV పేరుతో గద్దెనెక్కాడు. 1842లో గురువు మంత్రి. మిగతాది మా నాన్నైతే మార్జిన్లో చిన్న గీత గీసి వదిలేసేవారు.

నచ్చని వరసలు కూడా రాయండి

ఎడ్వార్డ్ గాన్స్ అనే, తత్వవేత్త హేగెల్ శిష్యుడు యూదు కుటుంబంలో పుట్టాడు. యూదులకి విశ్వవిద్యాలయ కొలువులు ఇవ్వరాదని 1822లో రాజు ఆజ్ఞ వచ్చింది, గాన్స్ కోసమే వచ్చినట్టుగా. సావిన్యీ ఆయన నియామకానికి అడ్డం నిలిచాడు. గాన్స్ మతం మారి, 1828లో పూర్తి ప్రొఫెసర్ అయ్యాక సావిన్యీ ఫ్యాకల్టీ పనుల నుంచి తప్పుకున్నాడు. సిద్ధాంతాల గొడవ అని సర్దిచెప్పేవాళ్లున్నారు. సిద్ధాంతం ఒక్కటే కాదని నా అభిప్రాయం. ప్రజల్లోంచి పుట్టే చట్టం అన్నవాడికి, ఆ ప్రజల్లో ఎవరెవరున్నారన్న ప్రశ్న గాన్స్ రూపంలో ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన ఇచ్చిన జవాబు ఎస్సార్‌లో ఉంది.

1836లో బెర్లిన్ వచ్చిన ఒక కుర్రాడు సావిన్యీ రోమన్ చట్టం పాఠమూ విన్నాడు, గాన్స్ క్రిమినల్ చట్టం పాఠమూ విన్నాడు. పేరు కార్ల్ మార్క్స్. ఆయన మళ్లీ వస్తాడు.

"మంత్రి" అన్న మాట దగ్గర ఆగండి

మనకి మంత్రి అంటే ఎన్నికలు, ప్రమాణ స్వీకారం, అసెంబ్లీ. 1842 ప్రష్యాలో రాజ్యాంగమే లేదు. రాజు పిలిస్తే మంత్రి, పొమ్మంటే ఇంటికి. పైగా న్యాయశాఖ రెండు ముక్కలు: కోర్టుల నిర్వహణకి ఒక మంత్రి, చట్టాల సవరణకి ఒక మంత్రి. సావిన్యీకి వచ్చింది రెండోది. ఆయనకి ముందు ఆ కుర్చీలో ఉన్నది కాంప్ట్స్. విప్లవకారుల వేటకి పేరుపడ్డ మనిషి. 1817 వార్ట్‌బుర్గ్ సభలో విద్యార్థులు తగలబెట్టిన పుస్తకాల్లో ఆయన కూర్చిన పోలీసు చట్టాల సంపుటం ఒకటి. ఆ కుర్చీలోకి ఒక పండితుడు రావడం చూసి ఊరట చెందినవాళ్లు ఉండే ఉంటారు.

ఇక మంత్రిగా ఆయన్ని కొలవడం ఎలా? ఉపన్యాసాలు చూడకండి. ఒక పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క మొదలుపెట్టిన బిల్లులు, కుడి పక్క చట్టమైనవి రాయండి. ఎడమ పక్క పొడవు చూస్తే జాలేస్తుంది.

విడాకుల బిల్లునే తీసుకోండి. లాండ్‌రెష్ట్ విడాకుల విషయంలో బాగా ఉదారమైంది. పిల్లలు లేని భార్యాభర్తలు ఇద్దరూ ఒప్పుకుంటే చాలు. ఒకరంటే ఒకరికి సరిపడని ఏవగింపు ఉన్నా కోర్టు వినేది. భక్తుడైన రాజుకి ఇది మింగుడుపడలేదు. కారణాలు తగ్గించమన్నాడు. సావిన్యీ శాఖలో ముసాయిదా తయారైంది, దాని వెనక గట్టి మతవాది లూడ్విగ్ ఫొన్ గెర్లాఖ్ చెయ్యి ఉంది. 1842 అక్టోబరు 20న కొలోన్‌లో రైనిషె త్సైటుంగ్ అనే పత్రిక ఆ రహస్య ముసాయిదాని అచ్చేసింది. ఊరంతా గోల. ఎవరిచ్చారో చెప్పమని ప్రభుత్వం అడిగింది, పత్రిక చెప్పలేదు. ఆ పత్రిక సంపాదకుడు ఎవరనుకున్నారు? ఆ పాత విద్యార్థే. 1843 మార్చి 31తో పత్రిక ఆగిపోయింది. మూసివేతకి ఉన్న కారణాల్లో ఈ లీకు ఒకటి.

అసలు రుచి మార్క్స్ డిసెంబరులో ఆ బిల్లు మీద రాసిన వ్యాసంలో ఉంది. చట్టం చేసేవాడు ప్రకృతిని చూసే శాస్త్రజ్ఞుడి లాంటివాడు, చట్టాన్ని కల్పించడు, ఉన్నదాన్ని మాటల్లో పెడతాడంతే అన్న అర్థంలో అక్కడ ఒక మాట ఉంది. పేరు తీసేసి క్లాసులో చదివితే పిల్లలందరూ "సావిన్యీ" అంటారు. ప్రతి ఏడూ ఈ పరీక్ష పెడతాను. ఒక్కరు కూడా మార్క్స్ అనలేదు.

ఇంతా చేసి ఆ బిల్లు నిలవలేదు. 1844 జూన్‌లో విడాకుల దావాల విచారణ పద్ధతి మీద ఒక ఉత్తర్వు మాత్రం వచ్చింది. విడాకుల కారణాలు అలాగే ఉండిపోయాయి.

కుడి పక్క ఖాళీ కాదు. 1846లో బెర్లిన్ కోర్టులకి కొత్త క్రిమినల్ విచారణ చట్టం వచ్చింది: బహిరంగంగా, నోటి మాటగా విచారణ, ప్రభుత్వం తరఫున ప్రాసిక్యూటర్. అంతకుముందు అంతా మూసిన గదిలో కాగితాల మీద నడిచేది. ఆ తొందర వెనక పోలిష్ తిరుగుబాటుదారుల కేసు ఉంది. 1847లో 254 మందిని ఆ కొత్త పద్ధతిలోనే విచారించారు. హుండీల చట్టం ఇంకొకటి. అంటే వ్యాపారులు చేతులు మార్చుకునే చెల్లింపు పత్రాల చట్టం. 1847లో లైప్‌జిగ్‌లో జర్మన్ రాజ్యాల ప్రతినిధులు కూర్చుని ప్రష్యా ముసాయిదా మీదే దాన్ని తయారుచేశారు. 1848లో రాజ్యాలన్నిటికీ ఉమ్మడి చట్టమైంది. ఉమ్మడి చట్టానికి కాలం రాలేదన్న మనిషి చేతి మీదుగా మొదటి ఉమ్మడి చట్టం! పిల్లలు దీన్ని వైరుధ్యం అంటారు. నాకైతే అలా అనిపించదు. హుండీ విషయంలో వ్యాపారుల ఆచారం అప్పటికే ఊరూరా దాదాపు ఒకటే. సరుకు సిద్ధంగా ఉంది, వంట అయింది. విడాకుల విషయంలో రాజుకి ఆకలేసింది గానీ పొయ్యి మీద ఏమీ లేదు.

ఇంకో సాక్ష్యం పుస్తకాల తారీఖుల్లో ఉంది. పెద్ద గ్రంథంలో అయిదు సంపుటాలు 1840, 1841లలోనే వచ్చేశాయి. ఆరోది 1847లో. ఆ మధ్య ఖాళీ ఆరేళ్లు మంత్రిత్వం తినేసింది. 1848 మార్చిలో బెర్లిన్ వీధుల్లో విప్లవం, ఆయన రాజీనామా. ఆ ఏడాదే ఏడో సంపుటం, మరుసటేడు ఎనిమిదోది. ఇవాళ రెండు దేశాల చట్టాలు తగువులాడినప్పుడు ఏది వర్తిస్తుందని వెతికేవాళ్లు మొదట తెరిచేది ఆ ఎనిమిదో సంపుటాన్నే. పదవి పోయాక రాసింది. 1861 అక్టోబరు 25న బెర్లిన్‌లో పోయాడు. ఎస్సార్ అక్కడ మూసెయ్యొచ్చు.

ఇంకొకరితో చేసి చూడండి

పద్ధతి చేతికి వచ్చిందో లేదో తేలాలంటే ఇంకొకరిని పట్టుకోవాలి. అడోల్ఫ్ లియోన్‌హార్ట్ మంచి అభ్యాసం. హానోవర్ రాజ్యానికి న్యాయశాఖ మంత్రి. 1866లో ప్రష్యా హానోవర్‌ని మింగేసింది. 1867లో అదే ప్రష్యాకి న్యాయశాఖ మంత్రి అయ్యాడు! "ఎవరి రాజ్యం" గడి లేకుండా ఆ బదిలీ కంటికే కనపడదు. 1879 దాకా ఉన్నాడు. ఆయన పేజీలో కుడి పక్క నిండుగా ఉంటుంది.

కష్టం కావాలంటే బాడెన్ మంత్రి యూలియుస్ యోలీ. హైడెల్‌బెర్గ్‌లో చట్టం చెప్పి, 1868లో బాడెన్ ప్రభుత్వ పెద్ద అయ్యాడు. వెతికితే మీకు సగం ఫలితాల్లో ధర్మశాస్త్రాల పండితుడు, 1883లో కలకత్తాలో హిందూ చట్టం మీద టాగోర్ లా లెక్చర్లు ఇచ్చిన యూలియుస్ యోలీ వస్తాడు. ఆయన ఈయన అన్న కొడుకు. పేరు ఒకటే, రిజిస్టర్లు రెండు. హిందూ లా పేపరు, జ్యూరిస్‌ప్రుడెన్స్ పేపరు ఒకే సెమిస్టర్లో రాసేవాళ్లు జాగ్రత్త.

ఆ రెండు నెలల తర్వాత క్లాసుకి నోట్‌బుక్కు పట్టుకెళ్లాను. "అమ్మా, నీ ప్రశ్నకి జవాబు. జర్మనీకి కాదు, ప్రష్యాకి. అది కూడా సగం న్యాయశాఖకి" అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. కలం దించకుండానే తలెత్తింది.

"మిగతా సగం ఎవరిదండీ?"

ఈసారి రేపు అనలేదు. "మొదట మ్యూలర్. 1844 నుంచి ఊడెన్. రాసుకో."